వంటగది ఎటుందో తెలియని మనిషి

ఆ పొద్దు కూడా పొయ్యి వెలగలేదు.

మామూలుగా యశోదకు మెలకువ వచ్చేది పోపు చిటపటలకే. నగేష్ బస్సు డిపోలో మెకానిక్కు. రాత్రి డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం కూడా విప్పకుండా వంటగదిలో దూరేవాడు. భార్య ఫ్యాక్టరీకి, కూతురు బడికి బయలుదేరే వేళకు అన్నం, కూర, కట్టిన డబ్బాలు అన్నీ సిద్ధంగా ఉండేవి. ఆ తర్వాతే అతని నిద్ర.

టీవీలో యశోద ప్రకటన వచ్చిన నాటి నుంచి ఆ చప్పుడు ఆగిపోయింది. నగేష్ డ్యూటీ దిగుతున్నాడు, ఇంటికి మాత్రం రావడం లేదు. ఇల్లు ఖాళీ అయ్యేదాకా డిపో దగ్గరే ఎక్కడో కూర్చుని, ఆ తర్వాత వచ్చి పడుకుంటున్నాడు. చీకటి పడగానే మళ్లీ పోతున్నాడు. మాట సంగతి అటుంచి, మొగుడూ పెళ్లాలు ఎదురుపడటమే తప్పిపోయింది.

యశోద లేచి వెళ్లేసరికి వంటగదిలో సోనీ నిలబడి ఉంది. తొమ్మిదో తరగతి పిల్ల. చేతిలో 'అమ్మపొయ్యి' పప్పుచారు పాకెట్టు. పాకెట్టు మీద నవ్వుతూ యశోద మొహమే.

"మమ్మీ, దీన్ల నీళ్లు ముందు పొయ్యాల్నా, పొడి ముందు ఎయ్యాల్నా?"

యశోద పాకెట్టు వైపు చూసింది. కాటేదాన్‌ ఫ్యాక్టరీలో ఆ పాకెట్లకు సీలు వేసే మిషను దగ్గర ఏళ్ల తరబడి నిలబడ్డ మనిషి ఆమె. లోపలి పొడిని ఏం చేయాలో ఒక్కనాడూ తెలుసుకోవలసిన పని పడలేదు.

"ఎనక రాసుంటది సూడు."

"చూసిన. 'కాసిన్ని నీళ్లు, కాస్త అమ్మ ప్రేమ కలపండి' అని రాసుంది." సోనీ నవ్వలేదు. పాకెట్టును గట్టు మీద బోర్లా పెట్టి, రెండు బిస్కెట్లు తీసుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయింది.

ముందు గదిలో ఫోను అరుస్తోంది. యశోద మామ శివయ్యకు వినికిడి తగ్గింది. వాటర్ వర్క్స్‌లో ఫిట్టరుగా రిటైరైన మనిషి, పైపుల మీద సుత్తి దెబ్బలు వినీ వినీ చెవులు పోయాయంటాడు. అందుకని ఆయన ఫోనులో ఏది పెట్టినా జహనుమా బస్తీలో ఆ గల్లీ గల్లీ అంతా వినవలసిందే.

'మా ఆయనకైతే వంటగది ఎటుందో కూడా తెల్వదు! నా చెయ్యి పడందే ఆయనకు ముద్ద దిగదు.' ఆ వెంటనే ఒక నవ్వు. మాటా యశోదదే, నవ్వూ ఆమెదే.

"మామా, జర ఆ ఫోను బంజెయ్యరాదే."

"ఎందుకు బంజెయ్యాలె? నా కోడలు టీవీల పడ్డది. నా కొడుకు గురించి ఈ గల్లీల గింత మంచి మాట ఎవరన్న అన్నరా ఇన్నొద్దులు?"

"అది మంచి మాటనా మామా? ఆయన మొహం సూసినవా?"

"మొగోడికి వంటగది తెల్వదంటే గదేమన్న తిట్టా?" శివయ్య కళ్లద్దాలు సర్దుకున్నాడు. "రెండొద్దులైతే వాడే సల్లబడ్తడు. నువ్వు ఫికర్ జెయ్యకు. షూటింగోళ్లు ఎన్ని గంటలకు వస్తమన్నరు?"

రాత్రంతా యశోద తప్పించుకుని తిరిగిన మాట అదే.

రెండో ప్రకటన ఇవాళే తీస్తారు. ఈసారి స్టూడియోలో కాదు, ఈ ఇంట్లోనే. 'అసలైన ఇల్లు, అసలైన అమ్మ' అట. ఫ్యాక్టరీ మేనేజరు రఘునాథ్ సారు తన గదిలోకి పిలిచి మరీ చెప్పాడు. ఇది కూడా బాగా వస్తే ఆమె కాంట్రాక్టు కూలీ కాదు, పర్మనెంటు. లైన్ సూపర్‌వైజరు. యశోద సరేనంది. శివయ్య సంబరంగా సరేనన్నాడు.

నగేష్‌ను ఎవరూ అడగలేదు. మాట్లాడని మనిషిని ఎలా అడిగేది అని యశోద తనకు తాను సర్దిచెప్పుకుంది.

*

వ్యాను గల్లీలోకి పట్టలేదు. లైట్లు, స్టాండ్లు, పెట్టెలు మోసుకుంటూ నడిచి వచ్చారు. ముందు అనన్య వచ్చింది. ప్రకటనల కంపెనీ అమ్మాయి, ముప్పై నిండి ఉండవు, జుట్టు పైకి ముడేసి పెన్ను గుచ్చుకుంది. వెనకాల ఇస్త్రీ చొక్కాలో రఘునాథ్ సారు.

అనన్య వంటగది గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూసింది.

"అక్కా, ఏమీ అనుకోకండి. ఇది అమ్మ కిచెన్‌లా లేదు. ఏదో వర్క్‌షాప్‌లా ఉంది."

ఆమె తప్పేం లేదు. గోడకు చెక్క పలక కొట్టి, దాని మీద గరిటెలు, అట్లకాడలు, జల్లెడ, చాకులు కొక్కేలకు తగిలించి ఉన్నాయి. ఒక్కోదాని వెనక పెన్సిలుతో దాని ఆకారమే గీసి ఉంది. ఏ గరిటె ఎక్కడ పెట్టాలో చూడగానే తెలిసేలా. డిపోలో పానాలు, స్పానర్లు పెట్టుకునే తీరు అది. అల్మారాలు కూడా యశోదకు అందని ఎత్తులో ఉన్నాయి.

"ఎవరు పెట్టారు ఇలా?"

యశోద నోరు తెరిచేలోపు శివయ్య అందుకున్నాడు. "నేనే పెట్టిన బిడ్డా. రిటైరైనంక పొద్దు పోవాలె గద."

యశోద కాదనలేదు.

"తీసేద్దాం సార్. కుక్కర్ వద్దు, మిక్సీ వద్దు. ఇత్తడి గిన్నెలు మేం తెచ్చాం. మట్టికుండ ఒకటి ఇక్కడ. రియల్‌గా కనిపించాలి."

ఒక్కొక్కటే బయటికి వెళ్లాయి. కుక్కరు, పోపుల డబ్బా, చింతపండు జాడీ, చివరికి ఆ చెక్క పలక. గల్లీలో శివయ్య నులకమంచం వాల్చి దాని మీద పేర్చారు. ఎదురింటి కొమురమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ అన్నీ చూస్తోంది.

యశోదకు మొదటి షూటింగు గుర్తొచ్చింది. ప్లైవుడ్డుతో కట్టిన వంటగది. కుళాయి తిప్పితే నీళ్లు రావు. ఆవిరి రావడానికి గట్టు కింద ఒక మనిషి దాక్కుని గొట్టంతో పొగ వదిలేవాడు. పప్పుచారులో రంగు కలిపి, నాలుక మీద పెట్టుకోవద్దని ముందే చెప్పారు. అప్పుడే ఆ మాట రాసిన కాగితం చేతికిచ్చారు. మా ఆయనకు వంటగది ఎటుందో తెల్వదు. చదవగానే ఆమెకు నవ్వాగలేదు. నగేష్‌కు! వంటగది తెలియదట! ఆ నవ్వే అందరికీ నచ్చింది. మళ్లీ అలాగే నవ్వమన్నారు, మళ్లీ నవ్వింది.

ఎందుకు నవ్విందో నగేష్‌కు చెప్పాలని ఎన్నిసార్లు అనుకుందో. టీవీలో చూసిన మనిషికి ఆ నవ్వు వేరేగా వినిపించింది.

"అక్కా, ఈయన మీ హస్బెండ్," అంది అనన్య.

యశోద ఉలిక్కిపడి తిరిగింది. లేత నీలం చొక్కా, నున్నగా గీసిన గడ్డం. ఎవరో నటుడు. నమస్తే పెట్టి, ముందు గదిలో నగేష్ ఎప్పుడూ కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పేపరు విప్పాడు.

"సార్..." యశోద రఘునాథ్ వైపు చూసింది. "అసలైన ఇల్లు అంటిరి గద. ఈయనెందుకు?"

"మీ ఆయన మాట్లాడతలేడని మీ మామనే చెప్పిండమ్మా. కెమెరా ముందు మూతి ముడుచుకుంటే ఎట్ల? రెండు నిమిషాల పని. పేపరు చదువుతడు, నువ్వు వడ్డిస్తవు, తింటడు. అంతే."

శివయ్య ఆ నటుడిని పైనుంచి కిందికి చూశాడు. ఆయన మొహంలో కూడా సంబరం కాస్త తగ్గింది. "పేపరు నిమ్మలంగ పట్టు బాబూ, కొత్తది," అన్నాడు.

సరిగ్గా అప్పుడే గల్లీలో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది.

*

నగేష్ మంచం దగ్గర నిలబడి ఉన్నాడు. గ్రీజు మరకల ఖాకీ చొక్కా. చేతిలో డ్యూటీ సంచి. మంచం మీద తన సామాను చూశాడు. చెక్క పలకను ఎత్తి, దుమ్ము తుడిచి, మళ్లీ అక్కడే పెట్టాడు.

యశోద బయటికి పరుగెత్తింది. "ఏవయ్యా, చెప్దామనుకున్న. నువ్వు మాట్లాడ్తలేవు..."

అతను ఆమెను చూడలేదు. తెరిచిన తలుపులోంచి తన కుర్చీని, అందులో కూర్చున్న మనిషిని చూస్తున్నాడు.

"ఎవరాయన?"

యశోద తలుపుకు అడ్డంగా జరిగింది.

"ఎవరని అడుగుతున్న."

"నువ్వే," అంది కొమురమ్మ గడపలోంచి, చిక్కుడుకాయ విరుస్తూ. "టీవీల నువ్వట."

లోపలి నుంచి నటుడు గబుక్కున లేచి నిలబడ్డాడు. "సారీ అన్నా. నాకు తెలియదు."

"కూసో భాయ్. నీదేం తప్పు లేదు." నగేష్ గొంతు మెత్తగానే ఉంది. ఆ మెత్తదనానికే యశోద భయపడింది. కోపమొస్తే అరిచే మనిషి కాదు అతను.

"నేను కావాలని అన్నది కాదు ఆ మాట," అంది ఆమె గొంతు తగ్గించి. "వాళ్లు రాసిచ్చిన్రు. నేను నవ్వింది ఎందుకో తెలుసా..."

"డిపోల మస్తు నవ్వుతున్నరు. నేను కనబడితే చాలు, వంటగది ఎటు భాయ్ అంటున్నరు."

"డిపోల!" యశోదకు కూడా ఒళ్లు మండింది. ఇన్ని రోజుల మౌనం ఒక్కసారిగా మీదికి ఉరికినట్టయింది. "డిపోల నువ్వేమంటవు? ఎవరు వండిన్రంటే ఇంటామె అంటవు. నాకు తెల్వదా? నీ దోస్తు దుర్గయ్య పెండ్లాం బజార్ల నన్ను పట్టుకుని, నీ చేతి మామిడి తొక్కు బాగుంటది అక్కా అన్నది. నీ అబద్ధానికి నేను ఊకొట్టలేదా? అప్పుడు లేని రోషం ఇప్పుడెందుకు?"

నగేష్ మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

"నా వంట నేను దాచుకున్న. నువ్వు లేదన్నవు. రెండూ ఒక్కటి కాదు యశోదా."

చిక్కుడుకాయలు విరిగే చప్పుడు ఆగింది.

"యశోద గారూ, షాట్ రెడీ!" లోపలి నుంచి కేక.

*

పోపు వేయాలి. అంతే. నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు. కెమెరా ఆమె చేతుల మీద ఉంటుంది.

మొదటిసారి ఆవాలు చిట్లకముందే కరివేపాకు వేసింది. రెండోసారి నూనె మీదికి ఎగిరితే గరిటె వదిలేసింది. మూడోసారి మిరపకాయలు నల్లగా మాడి, ఘాటు లేచి అందరూ దగ్గారు. లైటు పట్టుకున్నతను కళ్లు తుడుచుకుంటూ గల్లీలోకి పారిపోయాడు.

అనన్య ఆమె పక్కకు వచ్చి నిలబడింది. "అక్కా, నెర్వస్ అవుతున్నారా? రోజూ చేసేదే కదా."

"రోజూ చేసేది మమ్మీ కాదు." సోనీ గొంతు. షూటింగని బడి మానేసిన పిల్ల, తలుపు వారగా ఎప్పుడు వచ్చి నిలబడిందో. "మా డాడీ వండుతడు."

"సోనీ!" శివయ్య గద్దించాడు. "లోపలికి నడువ్!"

"ఎందుకు తాతా? క్లాసుల అందరూ అంటున్నరు, మీ మమ్మీ ఏమేం వండుతది, మాకు డబ్బా తేవా అని. నేనేం తీస్కపోవాలె? బిస్కెట్లా?"

అనన్య అందరి మొహాలూ చూసింది. యశోద తలదించుకుంది. గుమ్మం అవతల నగేష్ ఒక్కడే తన సామాను పక్కన నిలబడి ఉన్నాడు. అనన్య కళ్లలో మెరుపు యశోద గమనించింది. స్టూడియోలో తను నవ్వినప్పుడు కూడా ఆ అమ్మాయి కళ్లు అలాగే మెరిశాయి.

"రఘునాథ్ గారూ, ఇది ఇంకా బాగుంది! హస్బెండ్ వంట చేస్తాడు. ఈ రోజుల్లో అది చాలా నడుస్తోంది." ఆమె గబగబా బయటికి నడిచింది. "అన్నా, ఒక్క నిమిషం. అక్క డ్యూటీ నుంచి లేటు. మీరు వంట ట్రై చేస్తారు. ఉప్పు బదులు చక్కెర, పప్పు మాడిపోతుంది, పొగ, పాప ముక్కు మూసుకుంటుంది. అప్పుడు అక్క వచ్చి నవ్వి, అమ్మపొయ్యి పాకెట్ చింపుతుంది. మీరు తిని, సారీ అని చెవులు పట్టుకుంటారు. చాలా కామెడీగా ఉంటుంది!"

నగేష్ ఆమె చెప్పేదంతా ఓపిగ్గా విన్నాడు.

"అంటే నేను మాడగొట్టాలె."

"ఊరికే, యాక్టింగ్."

"నిజంగ వండితే?"

"నిజంగా బాగా వండేస్తే... మరి పాకెట్ ఎందుకు అన్నా?"

ఆ అమ్మాయి దాచుకోకుండా చెప్పినందుకు కాబోలు, నగేష్ ఇన్ని రోజుల్లో మొదటిసారి కొంచెం నవ్వాడు. "గదే నేను అడిగేది అమ్మా. నాతోని కాదు. ఇంకొకర్ని చూసుకోండ్రి. లోపల ఒకాయన కూసున్నడు గద."

"వీడు వండుడేంది?" శివయ్య బయటికి వచ్చేశాడు. "ఆ పోరి తెల్వక అన్నది. నా ఇంట్ల మొగోడు గరిటె పట్టడు మేడమ్. మీరు రాస్కోండ్రి."

"బాపు, ఊకో."

"ఎందుకు ఊకోవాలె? గల్లీ అంత ఇనాలె! మొన్నటిదాక వెనక గుసగుసలు పెట్టెటోళ్లు, ఆ టీవీ మాట ఇన్నంక నోరు మూసుకున్నరు. మళ్ల తెరిపిస్తవా?"

"బాపు." నగేష్ తండ్రి దగ్గరికి నడిచాడు. "అమ్మ మంచాన పడ్డప్పుడు నీకు ఎవరు పెట్టిన్రు?"

శివయ్య కళ్లద్దాలు తీసి పంచెతో తుడవసాగాడు.

"నేను బడి నుంచి వచ్చి పీటెక్కి పొయ్యి ముందట నిలబడేటోణ్ని. అమ్మ మంచం మీద నుంచి చెప్పేది. ఇంత ఉప్పు, ఇంత పులుపు. కలిపి గిన్నె తీస్కపోయి చూపిస్తే వాసన చూసి చెప్పేది. నువ్వు అరుగు మీద కూసుని అందరికీ ఏమన్నవ్? నీలమ్మ గట్టిది, జరంల గూడ లేచి వండుతున్నది అన్నవ్. అమ్మ లోపలి నుంచి ఇన్నది బాపు ఆ మాట. ఇని అటు తిరిగి పండుకున్నది."

యశోద పెళ్లై వచ్చేనాటికి అత్త నీలమ్మ లేదు. గోడ మీద ఫోటోగానే తెలుసు. నగేష్ వంట ఎక్కడ నేర్చాడని అడిగితే 'గట్లనే వచ్చింది' అనేవాడు. ఇన్నేళ్లలో ఈ సంగతి తనకు చెప్పలేదు. తను గుచ్చి గుచ్చి అడగనూ లేదు. పెట్టింది తిని, డబ్బా పట్టుకుని బస్సెక్కింది.

"ఆ పొద్దు అట్లనే చెప్పాల్సి వచ్చిందిరా," అన్నాడు శివయ్య చివరికి. ఆయన గొంతు ఎన్నడూ లేనంత చిన్నగా వచ్చింది.

కొమురమ్మ చేట పట్టుకుని లేచి లోపలికి పోయింది. ఆమె ఎప్పుడూ అలా మధ్యలో లేచి వెళ్లే మనిషి కాదు.

*

రఘునాథ్ సారు యశోదను పక్కకు పిలిచాడు.

"ఇంటి లొల్లి ఇంట్ల చూసుకోండి. టైం పోతున్నది. పోపు షాట్ వద్దు, చేతులకు వేరే మనిషిని పెట్టి తర్వాత తీసుకుంటరు. నువ్వు గిన్నె పట్టుకుని ఆ ఒక్క మాట చెప్పు, చాలు."

"ఏ మాట సార్?"

"అదే. వంటగది ఎటుందో తెల్వదని. జనానికి అదే గుర్తున్నది. రెండో ప్రకటనలో కూడ అదే ఉండాలె." ఆయన ఆగి, మెత్తగా అన్నాడు. "యశోదా, నీ గురించి పైన గట్టిగ చెప్పిన. ఎండ్లకాలం ఆ సీలు మిషను ముందు ఎట్లుంటదో నాకు తెల్వదా? నన్ను చిన్నబుచ్చకు."

ఆయన చెడ్డవాడు కాదు. అదే కష్టంగా ఉంది ఆమెకు. మిషను వేడికి చేతులు పొక్కులెక్కితే సెలవిచ్చింది ఆయనే. సూపర్‌వైజరు అయితే నిలబడే పని ఉండదు. సోనీని మంచి కాలేజీలో వెయ్యొచ్చు.

ఇత్తడి గిన్నె ఆమె చేతికిచ్చారు. నుదుటి మీద చెమట గుడ్డతో అద్దారు. నటుడు కుర్చీలో కూర్చుని పేపరు ఎత్తాడు. గిన్నెలోంచి ఆవిరి కోసం ఏదో పెట్టారు, ఆసుపత్రి వాసన వస్తోంది. నగేష్ వెళ్లిపోలేదు. తలుపు బయట నిలబడి ఉన్నాడు. ఎందుకున్నాడో ఆమెకు అర్థం కాలేదు. వినడానికేనేమో.

"అక్కా, కెమెరా వైపు. నవ్వు. రోలింగ్!"

యశోద నవ్వింది. "మా ఆయనకైతే..."

నవ్వు మొహం మీద ఉంది. చూపు తలుపు బయటి ఖాకీ చొక్కా మీదికి పోయింది.

"పర్లేదు, ఆపకుండా మళ్లీ. రోలింగ్‌లోనే ఉన్నాం."

"మా ఆయనకైతే..." యశోద గిన్నె గట్టు మీద పెట్టింది. "మా ఇంట్ల మా ఆయన వండుతడు. మా అత్త దగ్గర నేర్చుకున్నడట, నాకే ఇయ్యాల తెల్సింది. నాకు పోపు గూడ రాదు. ఈయన మా ఆయన కాదు. ఈ గిన్నె మాది కాదు. ఇంట్ల ఇన్నొద్దుల సంది పొయ్యి ఎలగలేదు, నేను అన్న మాటకే."

ఎవరూ 'కట్' అనలేదు. నటుడు పేపరు నెమ్మదిగా మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

రఘునాథ్ సారు ముఖం తుడుచుకున్నాడు. "రేపు షిఫ్టుకు రాకు యశోదా. ఎప్పుడు రావాల్నో కబురు పెడ్త." ఇంకేమీ అనకుండా చెప్పులేసుకుని గల్లీ చివరికి నడిచాడు.

"సార్, ఆగండి!" అనన్య వెంటపడబోయి ఆగి, కెమెరా చిన్న తెర వైపు వంగింది. మళ్లీ ఒకసారి పెట్టి చూసుకుంది. తల ఎత్తినప్పుడు ఆమె గొంతులో తొందర లేదు. "అక్కా, కంపెనీ దీన్ని వాడదు. కానీ నేను... మీరు ఒప్పుకుంటే బయట పెడతాను. జనం చూడాలి దీన్ని."

"బయట పెడ్తవా?" శివయ్య గోడకు తగిలించిన సంచి తీశాడు. అందులో పంచె, తువ్వాలు కుక్కుకున్నాడు. "పెట్టుకోండ్రి. నేను బార్కస్‌ల నా చెల్లె ఇంటికి పోతున్న. అది బయట పడ్డనాడు నాకు కొడుకు లేడు, కోడలు లేదు."

"తాతా!" సోనీ ఆయన చొక్కా పట్టుకుంది. ఆయన విడిపించుకుని గల్లీలోకి దిగాడు.

యశోద చూపు తలుపు దగ్గరికే పోయింది. నగేష్ లోపలికి వచ్చాడు. ఆమె ఎదుట ఆగాడు. ఇప్పుడేదైనా అంటాడు. భుజం మీద చెయ్యి వేస్తాడు. కనీసం పొయ్యి వైపు నడుస్తాడు అనుకుంది.

"ఆ రోజు అబద్ధం చెప్పేటప్పుడు నన్ను అడగలె," అన్నాడు నగేష్. "ఇయ్యాల నిజం చెప్పేటప్పుడు గూడ అడగలె."

అతను వెనక్కి తిరిగాడు. మండుటెండలో సంచి పట్టుకుని పోతున్న తండ్రి వెనక, పిలవకుండా, కొంచెం దూరంలో నడుస్తూ గల్లీ మలుపు తిరిగాడు.

"అక్కా," అనన్య మెల్లగా అడిగింది, "ఆ షాట్ ఉంచనా, తీసేయనా?"